అరసవల్లి కిరణం దేన్ని రుజువు చేస్తుంది? – దైవాస్తిత్వ వాదనపై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– దేవుడు ఉన్నాడనడానికీ లేడనడానికీ చూపే ఆధారాలను భారతీయ తర్కశాస్త్ర పరిభాషతో పరిశీలించగలుగుతారు.
– ఒక వింతకు కారణం తెలియడానికీ, దేవుడు లేడని తేలడానికీ మధ్య గల తేడాను గుర్తించగలుగుతారు.
– గురజాడ, గోరా, గాంధీ ఈ చర్చకు చేర్చిన అంశాలను అంచనా వేయగలుగుతారు.
– మీ ఊరిలో వినే ఇలాంటి వాదనలను సొంతంగా విమర్శించగలుగుతారు.

1. పరిచయం

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దీన్ని కళింగ గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి. ఏటా మార్చి రెండో వారం మొదట్లోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు సూర్యకిరణాలు ద్వారాలు దాటి గర్భగుడిలోని మూలవిరాట్టుపై పడతాయి. ఆ దృశ్యం కోసం భక్తులు తెల్లవారకముందే బారులు తీరుతారు.

ఆ వరుసలో నిలబడిన ఒక భక్తుడు, "దేవుడు ఉన్నాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?" అంటాడు. గుడి బయట టీ కొట్టు దగ్గర ఒక హేతువాది, "ఇది వట్టి లెక్క. దేవుడు లేడనడానికి ఇదే రుజువు" అంటాడు. ఇద్దరూ చూస్తున్నది ఒకే వెలుగు, చేరుతున్నది రెండు భిన్నమైన నిర్ణయాలకు. ఇద్దరూ ఆధారం ఉన్నదనే అంటున్నారు. ఆ ఆధారం వారు చెప్పే నిర్ణయం వరకు చేరుతుందా? ఈ పాఠంలో మనం చూడబోయేది ఇదే.

ఒక మాట ముందే చెప్పాలి. మిమ్మల్ని ఆస్తికులుగానో నాస్తికులుగానో మార్చడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఆధారాన్ని తూచడం నేర్పడం దీని ఉద్దేశం. ఆ నేర్పు ఎందుకు అవసరమో అయిదో విభాగంలో తెలుస్తుంది.

2. మనకు ఉన్న కొలమానం: ప్రమాణాలు

దేవుని విషయంలో ఆధారం అడగడం పాశ్చాత్యుల నుంచి వచ్చిన అలవాటని కొందరు అనుకుంటారు. అది సరికాదు. సరైన జ్ఞానానికి సాధనమైన దాన్ని మన తార్కికులు 'ప్రమాణం' అన్నారు. కంటితో, చెవితో తెలిసేది ప్రత్యక్షం. ఒక గుర్తును బట్టి మరొక దాన్ని ఊహించి తెలుసుకోవడం అనుమానం. నమ్మదగినవారి మాట వల్ల తెలిసేది శబ్దం. ఇక్కడ 'అనుమానం' అంటే సందేహం కాదని గమనించండి.

అనుమానానికి తర్కగ్రంథాలు ఇచ్చే ఉదాహరణ మీకు తెలుసు. కొండ మీద పొగ ఉంది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. ఇందులో పొగ హేతువు, నిప్పు సాధ్యం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న నియమం వ్యాప్తి. ఈ వాదన రెండు విధాల చెడిపోవచ్చు. శీతాకాలం ఉదయాన కొండ మీద మనం చూసింది పొగ కాక మంచు కావచ్చు. అప్పుడు హేతువే లేదు. దీన్ని అసిద్ధం అంటారు. లేదా మనం చూపిన గుర్తు, సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కనిపించవచ్చు. దీన్ని అనైకాంతికం అంటారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి. పాఠమంతా వీటితోనే పని.

దేవుని గురించి ఈ కొలమానాన్ని మనవారు ఎప్పుడో వాడారు. ఉదయనుడు 'న్యాయకుసుమాంజలి'లో, కుండకు కుమ్మరి ఉన్నట్లే కార్యరూపమైన జగత్తుకు కర్త ఉండాలని వాదించాడు. అంతకుముందే కుమారిలభట్టు 'శ్లోకవార్తికం'లో జగత్కర్త ఉన్నాడన్న వాదాన్ని ఖండించాడు. కుమారిలుడు వేదాన్ని పరమప్రమాణంగా నమ్మిన మీమాంసకుడు. అంటే సృష్టికర్తను ఒప్పుకోనివారంతా వేదాన్ని కాదన్నవారు కారు. సృష్టికర్త లేని ధర్మాన్ని బోధించిన బౌద్ధం మన ప్రాంతంలోనే శతాబ్దాల పాటు నిలిచింది. వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ, విజయనగరం దగ్గర రామతీర్థం కొండ మీదా ఆ శిథిలాలను మీరు చూడవచ్చు.

3. అరసవల్లి కిరణం

ఇప్పుడు కిరణం దగ్గరకు వద్దాం. సూర్యుడు ప్రతిరోజూ సరిగ్గా తూర్పునే ఉదయించడు. డిసెంబరు 21 ప్రాంతంలో ఆగ్నేయం వైపు బాగా జరిగి ఉదయిస్తాడు. అక్కడి నుంచి రోజుకు కొంచెం చొప్పున ఉత్తరానికి జరుగుతూ జూన్ 21 ప్రాంతంలో ఈశాన్యం వైపు చివరి హద్దు చేరి మళ్లీ వెనక్కి మళ్లుతాడు. మధ్యలోని ప్రతి బిందువునూ ఏడాదికి రెండుసార్లు దాటుతాడు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20–21 తేదీల్లోనూ, సెప్టెంబరు 22–23 తేదీల్లోనూ.

మార్చి 10 అంటే మొదటి విషువత్తుకు సుమారు పది రోజుల ముందు. అక్టోబరు 2 అంటే రెండో విషువత్తుకు సుమారు పది రోజుల తరువాత. ఈ రెండు రోజుల్లోనూ సూర్యుడు తూర్పుకు దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, ఒకే చోట ఉదయిస్తాడు. ద్వారాల వరుస ఆ దిక్కుకు తెరుచుకొని ఉంటే, మార్చిలో లోపలికి వచ్చిన కిరణం అక్టోబరులో కూడా రాక తప్పదు. మార్చి 10న, ఆగస్టు 1న మాత్రమే పడి ఉంటే అది మనం వివరించలేని వింత అయ్యేది. అక్టోబరు ఉదయం మబ్బు పడితే కిరణం కనిపించదన్నది కూడా ఈ వివరణకు అనుగుణంగానే ఉంది.

కాబట్టి భక్తుని వాదనలో హేతువు అనైకాంతికం. తూర్పుకు తెరిచిన ఏ ఇంటి నడవలోకైనా ఏడాదిలో కొన్ని రోజులు ఎండ అలాగే లోపలి గోడ దాకా వస్తుంది. అక్కడ విగ్రహం ఉండదు, అంతే తేడా.

ఇక హేతువాది వాదన సరైనదేనా? ఆయన చూపించింది కిరణం పడటానికి సహజమైన కారణం ఉన్నదని మాత్రమే. 'ఇది దేవునికి రుజువు కాదు' అనడం వేరు, 'ఇది దేవుడు లేడనడానికి రుజువు' అనడం వేరు. మొదటిది ఆయనకు దక్కుతుంది, రెండోది దక్కదు. పొగ లేదని తేలినంత మాత్రాన నిప్పు లేదని తేలదు, ఎర్రగా కాలిన ఇనుపగుండుకు పొగ ఉండదు కదా. పైగా ఆకాశాన్ని అంత ఓపికగా గమనించిన వారి నేర్పు గురించి ఈ కిరణం మనకు నిజంగా ఏదో చెబుతున్నది. వాదంలో మునిగిన ఇద్దరూ ఆ శిల్పిని మరిచిపోయారు.

4. గుండం: గురజాడ అడిగిన ప్రశ్న

గురజాడ అప్పారావు 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో ప్రచురించిన కథల్లో 'మీ పేరేమిటి?' ఒకటి. 'దేవుళ్లారా! మీ పేరేమిటి?' అన్న పేరుతో కూడా ఇది ప్రసిద్ధం. 'దిద్దుబాటు'కు వచ్చినంత పేరు దీనికి రాలేదు గాని, మన విషయానికి ఇదే ముఖ్యం. శైవ వైష్ణవ వివాదం, ఎవరి దేవుడు గొప్పో తేల్చడానికి గుండం తొక్కే పరీక్ష, చుట్టూ ఆ ప్రాంతంలో గతించిన బౌద్ధం జాడలు – కథలోని సామగ్రి ఇది. ముగింపు ఇక్కడ చెప్పడం లేదు. కథను మీరే చదవండి.

మన పల్లెల్లో అమ్మవారి సంబరాలకు గుండం తొక్కడం మీరు చూసే ఉంటారు. నిప్పుల మీద నడిచినా కాళ్లు కాలకపోవడం దేవుని మహిమకు రుజువుగా చెబుతారు. ఇక్కడ హేతువు అసిద్ధం కాదు. కాళ్లు నిజంగానే చాలామందికి కాలవు. అయితే గుండాన్ని శైవులు తొక్కుతారు, వైష్ణవులు తొక్కుతారు. తెలుగు నేలలో చాలాచోట్ల పీర్ల పండుగకూ తొక్కుతారు. విజయవాడలోని నాస్తిక కేంద్రం వారు ఏ దేవుణ్ణీ తలచుకోకుండా తొక్కి చూపించారు. 1935లో ఇంగ్లండులో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు కుదా బక్ష్ అనే కాశ్మీరీ చేత నిప్పులు తొక్కించి పరీక్షలు జరిపాడు. కట్టెబొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం నిప్పును తాకేది క్షణకాలమే. ఈ రెండూ కారణాలని ఆ పరీక్షలు సూచించాయి. ఆగి నిలబడితే ఎవరికైనా కాలుతుంది.

ఒకే గుర్తు ఇందరు దేవుళ్లకూ, దేవుడే లేదనేవారికీ సాక్ష్యం చెబితే, అది ఎవరి పక్షానా చెప్పినట్లు కాదు. స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో, భిన్న మతాల మహిమలు ఒకదాని సాక్ష్యాన్ని మరొకటి కొట్టివేస్తాయని వాదించాడు. గురజాడ ఆ వాదనను తాత్త్విక గ్రంథంగా రాయలేదు. దేవుళ్లనే నిలబెట్టి పేరు అడిగాడు. శీర్షికలోని బలం అక్కడ ఉంది. నిప్పు కాల్చలేదు సరే, అందుకు కారణమైనవాడి పేరు ఆ నిప్పు మీద ఎక్కడ రాసి ఉంది?

ఈ కథను నాస్తిక కథ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. దేవుడు లేడని చెప్పడం కంటే, దేవుని పేరిట మనుషులు పెట్టుకునే పోటీని నవ్వుల పాలు చేయడమే దీని పని. అట్లాగే దీన్ని సర్వమత సమన్వయ కథగా మెత్తబరచడం కూడా సరికాదు. పరీక్ష పెట్టిన తరువాత ఫలితం ఎవరికీ అక్కరకు రాలేదన్న సంగతి అందరినీ ఇబ్బంది పెట్టాలి.

5. ఒక మంత్రగాడు, నలుగురు సాక్షులు

"ఎవరి నమ్మకం వారిది, ఈ తర్కం మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. నా చిన్నతనంలో మా ఊరిలో జరిగినది చెబుతాను. నాతో చదువుకున్న ఒక కుర్రవాణ్ణి వరిచేను గట్టు మీద పాము కరిచింది. అతణ్ణి పక్క ఊరి మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయారు. మూర్ఖత్వంతో కాదు. అదే మంత్రగాడు అంతకుముందు నలుగురిని బతికించాడని ఊరంతా సాక్ష్యం చెప్పింది. ఆ నలుగురూ మా కళ్ల ముందే తిరుగుతున్నారు. తెల్లవారేసరికి మా స్నేహితుడు లేడు.

ఆ సాక్షులెవరూ అబద్ధం చెప్పలేదు. వారు చూసింది నిజం, చేసిన అనుమానం తప్పు. మన పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటివి కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. అలాంటి కాటు తిన్నవాడు మంత్రం వేసినా బతుకుతాడు, వేయకపోయినా బతుకుతాడు. 'మంత్రం తరువాత బతికాడు' అన్న హేతువు అనైకాంతికం. విషం ఎక్కినవాడికి పనిచేసేది ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజక్షను మాత్రమే. గుండం విషయంలో మనం చేసిన తప్పూ ఇదీ ఒకటే. అక్కడ నష్టం ఒక పాఠశాల చర్చలో ఓటమి, ఇక్కడ ఒక ప్రాణం. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మన్యం గ్రామాల్లో మనుషులను చంపిన ఘటనల వెనుక ఉన్నదీ ఇలాంటి సాక్ష్యమే. జ్వరం వచ్చింది, అంతకుముందు ఫలానా ముసలామె ఇంటి ముందు నుంచి వెళ్లింది, కాబట్టి ఆమే.

6. తెలియకపోవడం, బాధ: రెండు పెద్ద వాదనలు

చిన్న వింతలను పక్కన పెడితే రెండు పక్షాలకూ గట్టి వాదనలు ఉన్నాయి.

ఆస్తికులు, "విశ్వం ఎందుకు ఉంది? దీనికి విజ్ఞానశాస్త్రం జవాబు చెప్పలేదు కదా" అంటారు. ప్రశ్న నిజమైనదే. కాని జవాబు తెలియకపోవడం దానంతట అది హేతువు కాదు. మన ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి ప్రబలుతున్నది. పరిశోధనలు ఎన్నో జరిగినా మూలకారణం ఇదేనని అందరూ ఒప్పుకునే జవాబు రాలేదు. అంతమాత్రాన దాన్ని దైవకోపం అంటే, నీటినీ ఆహారాన్నీ పని పరిస్థితులనూ వెతికే పని ఆగిపోతుంది. తెలియదని ఒప్పుకున్నప్పుడే వెతుకులాట సాగుతుంది.

నాస్తికుల గట్టి వాదన బాధను గురించినది. సర్వశక్తుడు, దయామయుడు అయిన దేవుడు ఉంటే, ఉద్దానం రైతుకు ఆ వ్యాధి ఎందుకు? 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను అదే ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను ఎందుకు నేలకూల్చింది? దీనికి ఆస్తికులు పూర్వకర్మ అనో, పరీక్ష అనో, మానవబుద్ధికి అందని లీల అనో సమాధానం చెబుతారు. ఇందులో మొదటిది బాధపడేవాడి మీదే నేరం మోపుతుంది. చివరిదాన్ని ఖండించలేం, కాని ఏ సంఘటన జరిగినా చెప్పగల సమాధానం ఏ సంఘటననూ వివరించదు. అయితే ఈ వాదనకూ ఒక హద్దు ఉంది. ఇది ప్రశ్నించేది సర్వశక్తీ సంపూర్ణ దయా రెండూ ఉన్న దేవుణ్ణి. మన గ్రామదేవతల్లో చాలామంది గురించి ఆ మాట ఎవరూ అనలేదు. ఆమెకు కోపం వస్తుంది, తగువు పెట్టుకోవచ్చు, అలిగితే బుజ్జగించాలి. కాబట్టి దేవుడు ఉన్నాడా లేడా అని అడగడానికి ముందు, ఏ దేవుడు అని అడగాలి. మళ్లీ గురజాడ ప్రశ్న దగ్గరకే వచ్చాం.

7. గోరా, గాంధీ

గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు 1902లో, శ్రీకాకుళానికి ఉత్తరాన, అప్పటి గంజాం జిల్లాలోని ఛత్రపురంలో పుట్టారు. వృక్షశాస్త్రం బోధించారు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో కళాశాల ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు, 1947లో అది విజయవాడకు మారింది. 1944 నుంచి గాంధీతో ఆయన జరిపిన సంభాషణలు 1951లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. దాన్ని అచ్చువేసింది గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే.

ఆ సంభాషణల్లో కిరణాలూ గుండాలూ రుజువులుగా రావు. అంటరానితనం పోవాలంటే విధి, దైవేచ్ఛ అన్న భావాలు పోవాలన్నది గోరా వాదన. గాంధీ దాన్ని ఓపికగా విన్నారు. తన ఆస్తికత్వం ఒప్పు అని గాని, గోరా నాస్తికత్వం తప్పు అని గాని చెప్పలేనని, ఇద్దరూ సత్యాన్ని వెతికేవారేనని అన్నారు. గోరా కుమార్తెకూ ఒక దళిత యువకుడికీ సేవాగ్రాంలో పెళ్లి జరిపించడానికీ, అందులో దేవుని పేరు బదులు సత్యం పేరు వాడడానికీ ఒప్పుకున్నారు. గాంధీ మరణానంతరం 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది.

విమర్శకులుగా మనం ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచాలి. నాస్తికత్వం సమానత్వాన్ని తెస్తుందన్న గోరా మాట కూడా ఆధారం కావలసిన మాటే. కులం పాటించే నాస్తికులను నేను చూశాను, కులం వదిలేసిన భక్తులనూ చూశాను. ఇక్కడ కూడా హేతువు అనైకాంతికమే. గోరా కుటుంబం కులం వదిలిందన్నది నిజం, దానికి నాస్తికత్వం ఒక్కటే కారణమన్నది తేలలేదు. ఇక గాంధీ 'సత్యమే దైవం' అన్నప్పుడు నాస్తికుణ్ణి కూడా కలుపుకోగలిగారు. కాని ఆ మాటకు ఎదురుగా ఏ ఆధారమూ చూపలేం, అనుకూలంగానూ చూపలేం. దేవుడు అన్న పదం వాదంలో ఓడిపోకుండా తప్పించుకున్నది, అందుకు అర్చించే దేవుణ్ణి వదులుకోవలసి వచ్చింది. ఈ లోపాలున్నా, ఆ సంభాషణ నుంచి మనం నేర్చుకోవలసినది ఉంది. ఇద్దరూ ఎదుటివాడి నమ్మకం వల్ల మూడో మనిషికి ఏమవుతుందో అడిగారు.

8. విమర్శకుని నిర్ణయం

డాక్టరేటు వచ్చిన కొత్తలో నేను మా అమ్మకు మూడో విభాగంలోని లెక్కంతా వివరించాను. ఆమె ఏటా అరసవల్లి వెళ్లేది. అంతా విని ఆమె అన్న మాట: "నాకు రుజువు గావాలని నానెప్పుడన్నాన్రా? పొద్దెక్కడ పొడుస్తాదో లెక్క సూసుకునే కదా గుడి కట్టినారు. ఆ యేలకి పదిమందితో నిలబడి దండం ఎట్టుకుంటే నా మనసు కుదుట పడతాది. నీ లెక్క నీది."

అప్పుడు నాకు కోపం వచ్చింది. నా లెక్క తప్పు కాదు, కాని ఆమె చెప్పని మాటను నేను ఖండించాను. తరువాత ఆమె కంట్లో పొర వచ్చింది. అరసవల్లి స్వామికి మొక్కుకుంది, ఆపరేషనూ చేయించుకుంది. మొక్కు ఉందని ఆపరేషను మానలేదు. మా స్నేహితుణ్ణి మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయినవారికీ ఆమెకూ తేడా భక్తిలో లేదు. ఏ పనికి ఏ ఆధారం కావాలో తెలియడంలో ఉంది.

కాబట్టి నా నిర్ణయం ఇది. ఒకరి నమ్మకం లోకంలో ఏదో జరుగుతుందని చెబితే, అంటే కాలు కాలదని, విషం దిగుతుందని, ఫలానా మనిషి చేతబడి చేసిందని చెబితే, ఆధారం అడగడం మన హక్కు, చూపడం వారి బాధ్యత. ఆ నమ్మకం ఇతరుల ప్రాణానికీ గౌరవానికీ తగిలేదైతే అడగడం మన విధి. ఆధారం అడగని, ఎవరి మీదా అధికారం కోరని భక్తిని తర్కం ఓడించలేదు, గెలిపించనూ లేదు. మొత్తం విశ్వానికి కర్త ఉన్నాడా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంతవరకు చూపిన ఆధారాలు నాకు చాలలేదు. మీకు చాలాయో లేదో మీరే తూచుకోవాలి. తూచేటప్పుడు మీ వైపు తక్కెడలో వేలు పెట్టకండి.

సారాంశం

వింతకు సహజ కారణం చూపితే ఆ వింత రుజువు కాకుండా పోతుంది, దేవుడు లేడని మాత్రం తేలదు. ఒకే గుర్తు పరస్పర విరుద్ధమైన నమ్మకాలన్నిటికీ సరిపోతే అది అనైకాంతికం. అరసవల్లి కిరణం, గుండం, పాము మంత్రం మూడింటిలోనూ ఇదే దోషం ఉంది, నష్టం మాత్రం సమానం కాదు. ఏ దేవుణ్ణి గురించి వాదిస్తున్నామో తేల్చుకోకుండా వాదన ముందుకు సాగదు. ఆధారం అడిగే తక్కెడను ఆస్తికునికీ నాస్తికునికీ ఒకేలా పట్టాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. అసిద్ధం, అనైకాంతికం – ఈ రెండింటికీ మీ ఊరి నుంచి ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి.
2. అరసవల్లిలో కిరణం మార్చిలో పడితే అక్టోబరులో కూడా ఎందుకు పడాలో వివరించండి.
3. 'మీ పేరేమిటి?' కథను చదివి, అది నాస్తిక కథ కాదన్న ఈ పాఠకర్త అభిప్రాయాన్ని సమర్థించండి లేదా ఖండించండి.
4. నాస్తికత్వం సమానత్వాన్ని తెస్తుందన్న గోరా వాదనపై ఇక్కడ చేసిన విమర్శ న్యాయమైనదేనా? చర్చించండి.